విడతలుగా వచ్చేది, వెంటే ఉండేది

గుక్క తిప్పుకోకుండా మాట్లాడతాడు, ఒకచోట కుదురుగా కూర్చోడు, ముందూ వెనకా చూడకుండా ఖర్చు పెట్టేస్తాడు. ఇంతే చెబితే బైపోలార్ డిజార్డరా, ఏడీహెచ్‌డీనా అన్నది ఎంత పెద్ద డాక్టరైనా తేల్చలేడు. ఎప్పటినుంచి ఇలా ఉన్నాడని అడగాల్సిందే.

ఆ ప్రశ్న విలువ మొదట తెలిసింది బైపోలార్‌ను చూసినవాళ్లకే. 1854లో పారిస్‌లో బయార్జే, ఫాల్రే అనే వైద్యులు రోజుల తేడాలో ఒకే మాట ప్రకటించి, ఎవరు ముందన్న దాని మీద తగువు పడ్డారు. ఉన్మాదమూ కుంగుబాటూ రెండు జబ్బులు కావు, ఒకే జబ్బు మార్చి మార్చి చూపే రెండు దశలన్నది ఆ మాట. మధ్యలో మనిషి మామూలుగా ఉండే కాలాన్ని కూడా ఫాల్రే ఆ చక్రంలోనే కలిపాడు. నా దృష్టిలో అసలు గొప్పతనం అక్కడుంది. తర్వాత జర్మనీలో క్రేపెలిన్ ఒక్కో రోగికీ ఒక్కో కార్డు పెట్టి, ఆసుపత్రి వదిలాక ఏమయ్యాడో కూడా రాసుకున్నాడు. 1899 నాటి ఆయన పాఠ్యగ్రంథంలో ‘మేనిక్ డిప్రెసివ్’ అన్న పేరు ఆ కార్డుల్లోంచి వచ్చిందే.

ఏకాగ్రత నిలవకపోవడం, అతి చురుకుదనం కనబడే ఏడీహెచ్‌డీ కథ పిల్లల వైపు నుంచి నడిచింది. 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ ఇలాంటి పిల్లల గురించి ఉపన్యాసాలిచ్చాడు గానీ, దాన్ని నైతిక నిగ్రహం లోపంగా చూశాడు. 1937లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో చార్లెస్ బ్రాడ్లీ 30 మంది పిల్లలకు బెంజెడ్రిన్ అనే ఉత్తేజక మందు ఇచ్చి చూశాడు. దాదాపు సగం మంది చదువులో గబగబా ముందుకొచ్చారు. పిల్లలే వాటిని లెక్కల మాత్రలన్నారట! మందు పనిచేసింది కాబట్టి జబ్బు అదేనన్న తప్పుడు తర్కానికి బీజం ఇక్కడే పడింది. ఏ ఇబ్బందీ లేని పిల్లలకూ ఆ జాతి మందుతో ఏకాగ్రత పెరుగుతుందని 1978లో జూడిత్ రాపోపోర్ట్ బృందం చూపించింది.

అసలు గందరగోళం 1990ల నాటిది. విడతలుగా రాకపోయినా, ఎప్పుడూ ఉండే తీవ్రమైన చిరాకును పిల్లల్లో మేనియాగా, అంటే ఉన్మాద దశగా, లెక్కించవచ్చని బోస్టన్ పరిశోధకులు 1995లో ప్రతిపాదించారు. కాలాన్ని పక్కన పెట్టడమంటే ఇదే. ఫలితం? అమెరికాలో పిల్లలు, కౌమారుల బైపోలార్ సంప్రదింపులు 1994 నుంచి 2003 మధ్య 40 రెట్లు పెరిగాయని 2007లో ఒక అధ్యయనం తేల్చింది. ఎల్లెన్ లైబెన్‌లుఫ్ట్ బృందం అలాంటి చిరాకు పిల్లలను వెంబడించి చూస్తే, వాళ్లు ఎక్కువగా డిప్రెషన్, ఆందోళనల వైపు వెళ్లారు, బైపోలార్ వైపు కాదు. 2013లో అమెరికా మానసిక వైద్యుల రోగనిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5 వాళ్లకు వేరే రోగనామం పెట్టక తప్పలేదు.

అదే గ్రంథం ప్రకారం మేనియా కనీసం వారం, దాని తేలిక రూపం నాలుగు రోజులు ఉండాలి. ఏడీహెచ్‌డీ లక్షణాలు 12 ఏళ్లలోపే కనబడాలి. మేనియాలో మూడు గంటలు పడుకున్నా అలసట ఉండదు. ఏడీహెచ్‌డీ మనిషికి నిద్ర పట్టకపోతే మర్నాడు ఒళ్లు తూలుతుంది. రెండూ ఒకరిలోనే ఉండవచ్చు కూడా; అప్పుడు సాధారణంగా ముందు మూడ్‌ను నిలకడకు తెస్తారు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మిమ్మల్ని చిన్నప్పటినుంచి ఎరిగినవాళ్లను వెంట తీసుకెళ్లండి. టీచర్ల రిమార్కులున్న పాత ప్రోగ్రెస్ కార్డులు దొరికితే అవి కూడా.