చేనేత మగ్గం - ఎంపిక

చేనేత మగ్గం అనగా విద్యుత్తు సహాయం లేకుండా చేతులతోను, కాళ్లతోను నడిపి బట్ట నేసే సాధనం. కొత్తగా నేతపని చేపట్టేవారు తమ మొదటి మగ్గాన్ని తక్కువ ఖర్చుతో ఎలా ఎంచుకోవాలి, ఆ ఎంపికలో ఏయే అంశాలు గమనించాలి అన్నది ఈ వ్యాసంలోని విషయం. ఉదాహరణగా కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతాన్ని తీసుకోవడం జరిగింది. మగ్గం సొంతమా, పరాయిదా అన్నదానిపై నేతకారుని సంపాదన, స్వేచ్ఛ రెండూ ఆధారపడి ఉంటాయి. కనుక ఈ ఎంపిక కేవలం ఒక పనిముట్టు కొనుగోలు కాదు.

ప్రాంత నేపథ్యం

ఎమ్మిగనూరు, ఆదోని పట్టణాల మధ్య దూరం సుమారు 30 కిలోమీటర్లు. ఆదోని పత్తి వ్యాపారానికి, జిన్నింగు మిల్లులకు ప్రసిద్ధి. ఎమ్మిగనూరు చేనేతకు పేరుపొందినది. ఈ ప్రాంతం 1953 వరకు బళ్లారి జిల్లాలో ఉండేది. ఆ సంవత్సరం అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినపుడు ఆదోని తాలూకా ఆంధ్రలో చేరింది.

ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప చొరవతో చేనేతకారుల సహకార ఉత్పత్తి, విక్రయ సంఘం ఏర్పడింది. నూలు కొనుగోలు, బట్ట అమ్మకం ఒక్కొక్క కుటుంబం విడివిడిగా చేసుకోక కలిసి చేసుకోవాలన్నది సహకార సంఘాల మూలసూత్రం. సోమప్పకు 1954లో భారత ప్రభుత్వం పద్మశ్రీ పురస్కారం ఇచ్చింది.

ఆదోనిలో పత్తి దొరికినంత మాత్రాన పక్క ఊరి మగ్గానికి నూలు సిద్ధంగా ఉన్నట్లు కాదు. గింజ తీసిన దూది స్పిన్నింగు మిల్లుకు పోయి, నూలుగా మారి, చిలపల రూపంలో తిరిగి నేతకారుని ఇంటికి చేరాలి. అందువలన మగ్గం కొనేవారు నూలు ఎక్కడినుండి వస్తుందో ముందుగానే చూసుకోవలసి ఉంటుంది.

మగ్గాల రకాలు

మొదటిసారి మగ్గం పెట్టేవారి ఎదుట సాధారణంగా రెండు మార్గాలు ఉంటాయి.

గుంట మగ్గం: దీనిని గుంత మగ్గం అని కూడా అంటారు. నేలలో సుమారు రెండు, రెండున్నర అడుగుల లోతు గుంట తవ్వి, నేతకారుడు దాని అంచున కూర్చుని, కాళ్లు గుంటలోకి వదలి తొక్కుడు చెక్కలను నడుపుతాడు. మగ్గం బరువును, ఊపును చాలావరకు నేలే భరిస్తుంది. పెద్ద చట్రం అవసరం లేదు కనుక కలప తక్కువ పడుతుంది. ఇది చవక కావడానికి ముఖ్య కారణం ఇదే. నేలకు దగ్గరగా ఉండే పడుగుకు కొంత తేమ అందుతుంది. ఎండాకాలంలో గాలి బాగా పొడిబారే ఈ ప్రాంతంలో నూలు పోగులు తక్కువగా తెగడానికి ఆ తేమ తోడ్పడుతుంది.

చట్రపు మగ్గం: నాలుగు నిలువు కాళ్లపై కలప చట్రం కట్టి, నేలపైనే నిలబెట్టే మగ్గం. నేతకారుడు బల్లపై కూర్చుని నేస్తాడు. కలప ఎక్కువ కావాలి, ఖర్చు కూడా ఎక్కువే. అయితే దీనిని విప్పి మరొక చోటికి తరలించవచ్చు. దుప్పట్ల వంటి వెడల్పైన, దళసరి బట్టలకు గట్టి చట్రం అనుకూలం.

ఈ రెండు రకాలలోను నాడెను చేతితో విసిరే పద్ధతి, తాడు లాగి పరుగెత్తించే పద్ధతి ఉన్నాయి. తాడుతో నడిచే నాడెను (ఫ్లై షటిల్) 1733లో ఇంగ్లండులో జాన్ కే రూపొందించాడు. చేతితో విసిరేటపుడు బట్ట వెడల్పు నేతకారుని చేతుల చాపుకు లోబడి ఉంటుంది. తాడు నాడెకు ఆ పరిమితి లేదు, వేగం కూడా ఎక్కువ. కానీ గద్వాల చీరలలో వలె అంచులను మూడు నాడెలతో వేరువేరుగా కలిపి నేసే పనికి చేతి నాడెయే అవసరం.

ఎంపికలో గమనించవలసిన అంశాలు

నేయదలచిన బట్ట: మగ్గం వెడల్పును బట్టే బట్ట వెడల్పు. తువ్వాలుకు 30 అంగుళాలు, చీరకు 45 నుండి 48 అంగుళాలు, పెద్ద దుప్పటికి 60 అంగుళాలు లేదా అంతకు మించి కావాలి. నేసిన తరువాత బట్ట కొంత ముడుచుకుంటుంది కనుక అచ్చు వెడల్పు బట్ట వెడల్పుకంటె ఎక్కువగా ఉండాలి. వెడల్పు మగ్గంపై ఇరుకు బట్ట నేయవచ్చు. ఇరుకు మగ్గంపై వెడల్పు బట్ట సాధ్యం కాదు. చవకగా దొరికిందని ఇరుకు మగ్గం కొంటే పనికి సగం దారులు మూసుకున్నట్లే.

ఇల్లు, నేల: గుంట మగ్గానికి సొంత ఇల్లు, లేదా ఇంటి యజమాని అనుమతి తప్పనిసరి. అద్దె ఇంటిలో గుంట తవ్వనివ్వకపోవచ్చు. తవ్వనిచ్చినా ఇల్లు మారినపుడు ఆ శ్రమ, ఖర్చు అక్కడే మిగిలిపోతాయి. నల్లరేగడి నేల వానలకు ఉబ్బి, ఎండలకు నెరెలు విచ్చుతుంది. అటువంటి చోట గుంట గోడలకు రాతి బండలు గాని ఇటుకలు గాని కట్టకపోతే పాతిన గుంజలు కదిలి, పడుగు బిగువు సరిగా నిలవదు. ఈ కట్టడపు ఖర్చును మగ్గం ధరలో కలిపి లెక్కించాలి.

నీరు: వానకాలంలో గుంటలోకి నీరు ఊరడం గుంట మగ్గాల పెద్ద ఇబ్బంది. నీరు తోడి, గుంట ఆరేవరకు పని ఆగిపోతుంది. ఆ రోజులకు మజూరీ ఉండదు. 2009 అక్టోబరులో తుంగభద్ర వరదలకు ఎమ్మిగనూరుకు సమీపంలోని మంత్రాలయం, జిల్లా కేంద్రమైన కర్నూలు మునిగిపోయాయి. నదికి, వాగుకు దగ్గరగాను, పల్లంలోను ఉన్న ఇళ్లకు చట్రపు మగ్గమే క్షేమం.

శరీర స్థితి: గుంటలో దిగి ఎక్కువసేపు వంగి కూర్చోవడం వలన నడుము, మోకాళ్ల నొప్పులు కలుగుతాయి. వయసు మీరినవారికి, మోకాళ్ల బాధ ఉన్నవారికి బల్లపై కూర్చునే మగ్గం మేలు.

పాత మగ్గం కొనుగోలు

మరమగ్గాల పోటీ వలన పలు కుటుంబాలు వృత్తి మానివేయడంతో నేత గ్రామాలలో పాత మగ్గాలు అమ్మకానికి వస్తూ ఉంటాయి. తక్కువ పెట్టుబడి ఉన్నవారికి ఇవి మంచి అవకాశం. కొనేముందు ఈ క్రింది పరీక్షలు చేయవచ్చు.

చట్రానికి ఎదురెదురు మూలల మధ్య కొలతలు రెండూ తీయాలి. రెండూ సమానంగా లేకపోతే చట్రం వంకరపోయినట్లు. అటువంటి మగ్గంపై నేసిన బట్ట ఒక పక్కకు లాగుతుంది. పడుగు చుట్టే దుంగ, బట్ట చుట్టే దుంగ నిటారుగా, గుండ్రంగా ఉన్నవో లేవో త్రిప్పి చూడాలి. కలపలో పురుగు తొలిచిన రంధ్రాలు, చీలికలు ఉంటే వదలివేయడం మంచిది. నాడె పరుగెత్తే పలకపై అరచేయి ఆనించి నడపాలి. చేతికి గరుకు తగిలిన చోట నూలు కూడా తెగుతుంది. ఉక్కు అచ్చుకు తుప్పు పట్టినా, పళ్లు వంగినా దానిని మార్చక తప్పదు.

మగ్గం చట్రం పాతదైనా నష్టం లేదు. నూలును నేరుగా తాకే అచ్చు, ఉచ్చుల వరుసలు, నాడె మాత్రం కొత్తవి తీసుకోవడం మేలు. ఖర్చు తగ్గించదలచినవారు చట్రంలో తగ్గించుకోవాలి గాని వీటిలో కాదు.

మొదటి పడుగు లెక్క

మగ్గంతో పాటు మొదటి పడుగుకు కావలసిన నూలు ఖర్చును కూడా చేతిలో ఉంచుకోవాలి. సాధారణ లెక్కలో 2 అంగుళాలలో ఎన్ని పళ్ల సందులుంటే అది అచ్చు నంబరు. 40 నంబరు అచ్చులో సందుకు రెండు పోగులు పోస్తే అంగుళానికి 40 పోగులు వస్తాయి. అచ్చులో 36 అంగుళాల వెడల్పుకు 1,440 పోగులు అవుతాయి. 20 గజాల పడుగుకు మొత్తం 28,800 గజాల నూలు కావాలి. చిలపకు 840 గజాల చొప్పున ఇది సుమారు 34 చిలపలు. ఒక పౌండుకు ఎన్ని చిలపలు తూగితే అది నూలు నంబరు. కనుక 20 నంబరు నూలులో పడుగు బరువు సుమారు 780 గ్రాములు. పేక నూలు, తరుగు దీనికి అదనం.

నేర్చుకునే దశలో సన్నని నూలు కంటె 20 నంబరు వంటి ముతక నూలు అనుకూలం. పోగులు తక్కువగా తెగుతాయి, తెగినా అతకడం సులువు. డాబీ, జకార్డ్ వంటి అలంకార సాధనాలు మొదటి మగ్గానికి అవసరం లేదు. సాదా నేత పట్టుబడిన తరువాత వాటిని అదే మగ్గానికి అమర్చుకోవచ్చు.

సొంత మగ్గం ప్రాధాన్యం

షావుకారు షెడ్డులో, షావుకారు మగ్గంపై నేసేవారికి దక్కేది మజూరీ మాత్రమే. నూలు, డిజైను, ధర అన్నీ షావుకారు నిర్ణయాలే. సొంత మగ్గం ఉన్నవారు షావుకారు నూలుతో నేసినా, సంఘం నూలుతో నేసినా, స్వంతంగా నేసి అమ్ముకున్నా నిర్ణయం వారిదే. ఇంటిలోనే మగ్గం ఉండటం వలన కండెలు చుట్టడం, పడుగు సిద్ధం చేయడం వంటి పనులలో కుటుంబమంతా పాలుపంచుకుంటుంది.

ప్రభుత్వ సహాయం విషయంలో కూడా ఈ తేడా కనిపించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 డిసెంబరులో ప్రారంభించిన నేతన్న నేస్తం పథకంలో ఏడాదికి 24,000 రూపాయల సహాయాన్ని సొంత మగ్గం గల నేత కుటుంబాలకు ఇచ్చారు. ఐదు విడతలు సాగిన ఆ పథకంలో పరాయి మగ్గంపై అంతే శ్రమ చేసినవారికి చోటు లేకపోయింది. కేంద్ర ప్రభుత్వం 2016 డిసెంబరులో ప్రవేశపెట్టిన హథ్‌కర్ఘా సంవర్ధన్ సహాయత పథకంలో మగ్గాలు, పరికరాల ఖర్చులో 90 శాతం కేంద్రం భరించగా, 10 శాతం నేతకారుడు పెట్టుకునే ఏర్పాటు చేశారు. కనుక సొంత డబ్బుతో మగ్గం కొనేముందు జిల్లా చేనేత, జౌళి శాఖ కార్యాలయంలో అప్పటికి అమలులో ఉన్న పథకాలను విచారించడం అవసరం.

సారాంశం

సొంత ఇల్లు, మెరక నేల ఉండి, తువ్వాళ్లు, చీరలు వంటివి నేయదలచినవారికి గుంట మగ్గం అన్నిటికంటె చవకైనది. అద్దె ఇల్లు, పల్లపు నేల, దళసరి దుప్పట్ల పని ఉన్నవారికి ఎక్కువ ధర పెట్టినా చట్రపు మగ్గమే చివరికి గిట్టుబాటవుతుంది. గుంట మగ్గం ధర తక్కువగా కనిపించడానికి కారణం అందులో సగం మగ్గం నేలే కావడం. ఆ నేల తనది కానివారికి ఆ చవక నిలవదు.