గుండె ఆగిన వేళ యంత్రం దగ్గర ఎవరున్నారు?

1930–31 నాటి మాట. అమెరికాలోని బోస్టన్ నగరంలో మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్. పిత్తాశయం ఆపరేషన్ చేయించుకుని కోలుకుంటున్న ఒక స్త్రీకి, గుండె నుంచి ఊపిరితిత్తులకు పోయే ధమనిలో రక్తపు గడ్డ అడ్డుపడింది. దాన్ని తీయాలంటే ఛాతీ తెరిచి ధమనిని కోయాలి. ఆ రోజుల్లో అలాంటి ఆపరేషన్ తట్టుకుని బతికినవాళ్లు బహు అరుదు. అందుకని ఇక ఆశ లేదనిపించేదాకా ఆగి చూద్దామని పెద్ద డాక్టరు ఎడ్వర్డ్ చర్చిల్ నిర్ణయించారు. కనిపెట్టుకుని ఉండే పని జాన్ గిబ్బన్ అనే యువ వైద్యుడికి అప్పగించారు. ఆయన 17 గంటలపాటు మంచం పక్కనే కూర్చుని, పావుగంటకొకసారి నాడి, శ్వాస, రక్తపోటు చూసి రాసుకున్నారు. చివరికి ఆమె స్పృహ తప్పింది. చర్చిల్ ఆరున్నర నిమిషాల్లో గడ్డలు తీసి ధమనిని మూశారు. అయినా ఆమె బతకలేదు.

ఆ రాత్రి గిబ్బన్‌కు ఒక ఆలోచన వచ్చింది. ఉబ్బిన సిరల్లో నల్లబడుతున్న ఆ రక్తాన్ని బయటికి తీసి, ఆక్సిజన్ ఎక్కించి, కార్బన్ డయాక్సైడ్ తొలగించి, తిరిగి ధమనిలోకి పంపగలిగితే? గుండె, ఊపిరితిత్తులు చేసే పనిని కాసేపు శరీరం బయట చేయగలిగితే? హార్ట్-లంగ్ యంత్రం చరిత్రను సాధారణంగా ఇక్కడి నుంచే చెబుతారు. అదే సమయానికి రష్యాలో సెర్గీ బ్రుఖొనెంకో అనే శాస్త్రవేత్త కుక్కల మీద ఇలాంటి ప్రయోగాలు చేసి ఉన్నారన్నది కూడా గుర్తుంచుకోవాలి. అయితే విద్యార్థులారా, ఈ పాఠంలో మనం ఆ చరిత్రను కొంచెం పక్కనుంచి చూద్దాం. పుస్తకాల్లో సర్జన్ల పేర్లుంటాయి, యంత్రం ఫోటో ఉంటుంది. ఆ యంత్రం దగ్గర కూర్చుని దాన్ని నడిపినవాళ్ల సంగతి మాత్రం ఒక వాక్యంతో తేలిపోతుంది. ఈనాడు వారిని పెర్ఫ్యూజనిస్టులు అంటున్నాం. శరీర భాగాల గుండా రక్తాన్ని ప్రవహింపజేయడమే పెర్ఫ్యూజన్.

ముందుగా ఈ పనిలోని కష్టం ఏమిటో చూద్దాం. విశ్రాంతిగా ఉన్న మనిషి గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని పంపుతుంది. ఆ ప్రవాహం నాలుగైదు నిమిషాలు ఆగితే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. రక్తం బయటికి రాగానే గడ్డకడుతుంది. దీనికి విరుగుడు 1916లో దొరికింది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో విలియం హోవెల్ ప్రయోగశాలలో పనిచేస్తున్న జే మెక్లీన్ అనే వైద్య విద్యార్థికి, రక్తాన్ని గడ్డకట్టనివ్వని పదార్థం ఒకటి కాలేయంలో కనిపించింది. కాలేయాన్ని గ్రీకులో హెపార్ అంటారు కనుక తరువాత ఆ మందుకు హెపారిన్ అని పేరు పెట్టారు. మెక్లీన్ నిజానికి వెతుకుతున్నది రక్తాన్ని గడ్డకట్టించే పదార్థం కోసం!

రక్తాన్ని తోయడం అంత కష్టం కాదు. మెత్తటి రబ్బరు గొట్టంలో నీళ్లు నింపి, వేలితో నొక్కిపట్టి, ఆ వేలిని ముందుకు జరపండి. నీళ్లు ముందుకు పోతాయి. వేలికి బదులు తిరిగే రోలర్ పెడితే అదే రోలర్ పంపు. నీళ్లు గొట్టాన్నే తాకుతాయి తప్ప యంత్రాన్ని తాకవు. అసలు చిక్కు ఆక్సిజన్‌తో వచ్చింది. మన ఊపిరితిత్తుల్లోని గాలి గదులన్నిటినీ విప్పి పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు ఉంటాయి. అంత వైశాల్యాన్ని ఒక డబ్బాలో ఇమడ్చాలి. పైగా రక్తకణాలు చిట్లకూడదు, నురగ రాకూడదు, ఒక్క గాలి బుడగ కూడా మెదడుకు పోకూడదు.

గిబ్బన్‌కు ఈ పనిలో తోడు నిలిచింది ఆయన భార్య మేరీ. ఆమె చర్చిల్ దగ్గర ప్రయోగశాల సహాయకురాలిగా ఉండేవారు. ఆ దంపతులు బోస్టన్‌లో చేప ముక్కలు ఎరవేసి వీధి పిల్లుల్ని పట్టేవారట. పిల్లి శరీరంలో రక్తం కొద్దిగానే ఉంటుంది, కనుక చిన్న యంత్రం సరిపోతుంది. 1935లో ఒక రోజు పిల్లి ఊపిరితిత్తుల ధమనిని పూర్తిగా బిగించినా, యంత్రం దాని ప్రాణం నిలబెట్టింది. ఆ క్షణాన ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ప్రయోగశాలలో గంతులేశారని గిబ్బన్ తరువాత రాశారు. ఆ రోజుల్లో యంత్రాన్ని అమర్చడం, శుభ్రం చేయడం, నడుస్తున్నంతసేపు కనిపెట్టుకుని ఉండడం చాలావరకు మేరీ చేతుల మీదుగా జరిగాయి. తొలి పెర్ఫ్యూజనిస్టు ఎవరని నన్నడిగితే ఆమె పేరే చెబుతాను.

రెండవ ప్రపంచ యుద్ధం ఈ పనిని ఆపేసింది. గిబ్బన్ సైనిక వైద్యుడిగా బర్మా–చైనా–ఇండియా రంగంలో పనిచేశారు. తిరిగివచ్చాక ఫిలడెల్ఫియాలోని జెఫర్సన్ వైద్య కళాశాలలో చేరారు. ఐ.బి.ఎం. కంపెనీ ఇంజనీర్ల సాయం దొరికింది. నిలువుగా వేలాడదీసిన లోహపు జాలీ తెరల మీదుగా రక్తం పలుచటి పొరలా జారుతూ ఆక్సిజన్ పీల్చుకునే యంత్రం తయారైంది. 1952లో దానితో ఆపరేషన్ చేసిన 15 నెలల పాప చనిపోయింది. గుండెలో ఉందనుకున్న రంధ్రం అసలు లేదు. జబ్బు వేరు.

1953 మే 6న 18 ఏళ్ల కళాశాల విద్యార్థినికి గుండె పైగదుల మధ్య ఉన్న రంధ్రాన్ని మూశారు. 26 నిమిషాలపాటు ఆమె గుండె, ఊపిరితిత్తుల భారమంతా యంత్రమే మోసింది. మధ్యలో హెపారిన్ చాలక తెరల మీద రక్తం గడ్డకట్టసాగింది. అయినా పని పూర్తయింది, ఆమె కోలుకుని ఇంటికి వెళ్లింది. ఇంతవరకు చెప్పి ఆపేస్తే ఇది విజయగాథ. కాని ఆ ఏడాదే మరో ఇద్దరు చిన్న పిల్లలు ఆయన ఆపరేషన్ బల్ల మీద చనిపోయారు. గిబ్బన్ ఆగిపోయారు. 1951–54 మధ్య వేర్వేరు కేంద్రాల్లో యంత్రాల సాయంతో జరిగిన ప్రయత్నాల్లో ఆ విద్యార్థిని తప్ప మిగిలిన వాళ్లు దాదాపు ఎవరూ దక్కలేదు. జబ్బు గుండెలు ఈ భారాన్ని తట్టుకోలేవేమో, లోపం యంత్రంలో కాదేమో అని చాలామంది సర్జన్లు ఆశ వదులుకున్నారు.

అప్పుడు మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో వాల్టన్ లిల్లెహై మరో దారి పట్టారు. యంత్రం కుదరకపోతే మనిషినే యంత్రంగా వాడదాం అన్నారు. 1954 మార్చి 26న ఒక పసివాడి రక్తనాళాలను పక్క బల్ల మీద పడుకున్న తండ్రి రక్తనాళాలతో గొట్టాల ద్వారా కలిపారు. పిల్లవాడి చెడురక్తం తండ్రిలోకి వెళ్లి, ఆయన ఊపిరితిత్తుల్లో శుభ్రపడి తిరిగి వచ్చింది. గుండెలోని రంధ్రం మూసుకుంది. అయితే 11 రోజుల తరువాత ఆ పసివాడు న్యుమోనియాతో చనిపోయాడు. ఈ పద్ధతిలో మొత్తం 45 మందికి ఆపరేషన్లు జరిగితే 28 మంది బతికి ఇళ్లకు వెళ్లారు. ఒకే ఆపరేషన్‌లో ఇద్దరి ప్రాణాలు పణంగా పెడతారా అని తోటివారు నిలదీశారు. ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. దాతల్లో ఎవరూ చనిపోలేదు గాని, ఒక తల్లి రక్తనాళంలోకి గాలి ఎక్కి మెదడు దెబ్బతింది.

ఆ ఇద్దరి మధ్య గొట్టాల్లో రక్తాన్ని ఎంత వేగంతో తోయాలో చూస్తూ పంపు దగ్గర నిలబడినవారిలో రిచర్డ్ డివాల్ ఒకరు. ఊళ్లో వైద్యం చేసుకుంటున్న ఆయన, పరిశోధన మీది ఆసక్తితో ప్రయోగశాల సహాయకుడిగా వచ్చారు. దాత అవసరం లేకుండా ఆక్సిజన్ ఎక్కించే సాధనం చేయమని లిల్లెహై ఆయన్నే పురమాయించారు. గ్రంథాలయం జోలికి మాత్రం వెళ్లవద్దని, పాత వైఫల్యాలు చదివితే బుర్ర వాటిలోనే ఇరుక్కుంటుందని చెప్పారంటారు. రక్తంలోకి ఆక్సిజన్‌ను బుడగలుగా వదిలితే చాలని అందరికీ తెలుసు. బుడగలు పోయే దారే తెలియదు. డివాల్ రక్తాన్ని నురగ విరిచే సిలికాన్ పూతమీదుగా పంపి, ఆపైన చుట్టలు చుట్టిన ప్లాస్టిక్ గొట్టంలోకి వదిలారు. బుడగలున్న రక్తం తేలిక, లేని రక్తం బరువు. బరువైనది కిందికి దిగుతుంది, బుడగలు పైనే ఉండిపోతాయి. ఖరీదైన లోహపు తెరలు లేవు, కదిలే భాగాలు లేవు. వాడాక గొట్టాలు పారేయవచ్చు. 1955 మే 13న దాన్ని మొదటిసారి రోగికి వాడారు. అదే ఏడాది మార్చిలో మేయో క్లినిక్‌లో జాన్ కిర్క్‌లిన్, గిబ్బన్ యంత్రాన్నే మెరుగుపరచి ఆపరేషన్లు మొదలుపెట్టారు. ఆయన మొదటి 8 మందిలో 4 గురు బతికారు. అంతకుముందు లెక్కలతో పోలిస్తే అది పెద్ద మలుపు. గిబ్బన్ యంత్రం గొప్పదే, కాని ప్రపంచంలోని సామాన్య ఆసుపత్రులకు గుండె ఆపరేషన్‌ను చేర్చింది డివాల్ చవక గొట్టాల చుట్టే అని నా అభిప్రాయం.

ఇక మన దేశానికి వద్దాం. ఇక్కడ పుట్టుకతో వచ్చే రంధ్రాలకు తోడు రుమాటిక్ జ్వరం ఉంది. బడి ఈడు పిల్లలకు గొంతు నొప్పితో మొదలై, సరైన వైద్యం అందకపోతే గుండె కవాటాలను పాడుచేస్తుంది. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1949లో రీవ్ బెట్స్ ఛాతీ శస్త్రచికిత్స విభాగాన్ని నెలకొల్పారు. మూసుకుపోయిన కవాటాన్ని, కొట్టుకుంటున్న గుండెలోకే వేలు పోనిచ్చి విప్పే ఆపరేషన్లు యంత్రం లేకుండానే జరిగేవి. కాని రంధ్రం మూయాలన్నా, కవాటం మార్చాలన్నా గుండెను తెరవాల్సిందే. 1960ల ఆరంభంలో బొంబాయిలోను, వెల్లూరులోను హార్ట్-లంగ్ యంత్రంతో ఆపరేషన్లు మొదలయ్యాయి. వెల్లూరులో ఎన్. గోపీనాథ్ 1962లో చేసిన ఆపరేషన్ ఈ చరిత్రలో పేరుపొందింది. విదేశాల్లోలాగే ఇక్కడా మొదట్లో యంత్రం నడపడానికి ప్రత్యేకమైన ఉద్యోగమంటూ లేదు. యువ సర్జనో, మత్తు డాక్టరో, చురుకైన టెక్నీషియనో పనిచేస్తూనే నేర్చుకునేవారు. తెలుగునాట 1991లో పుట్టపర్తిలో ఉచిత గుండె ఆపరేషన్లు మొదలవడం, 2007లో ఆరోగ్యశ్రీ రావడం వల్ల పేద ఇళ్ల పిల్లలు కూడా ఈ యంత్రం దాకా రాగలిగారు.

ఇంతకీ యంత్రం దగ్గర కూర్చున్న మనిషి చేసేదేమిటి? రోగి ఎత్తు, బరువులను బట్టి శరీర ఉపరితల వైశాల్యం లెక్కగడతారు. చదరపు మీటరుకు నిమిషానికి సుమారు 2.4 లీటర్ల రక్తం పంపాలన్నది సాధారణ కొలత. గొట్టాలన్నీ ద్రవంతో నింపి, తట్టి తట్టి బుడగలు వదిలిస్తారు. హెపారిన్ ఇచ్చాక రక్తం గడ్డకట్టడానికి ఎన్ని సెకన్లు పడుతుందో పరీక్షిస్తారు. అది సాధారణంగా 480 దాటితే గాని యంత్రం మొదలుపెట్టరు. 1953లో జాలీ తెరల మీద ఏం జరిగిందో గుర్తుంది కదా! తరువాత సర్జన్ చెప్పిన ప్రతి మాటనూ తిరిగి బిగ్గరగా చెబుతూ పంపు వేగం పెంచుతారు. సిరల రక్తం బల్ల ఎత్తు నుంచి దాని బరువుకే కిందనున్న తొట్టిలోకి దిగుతుంది. అక్కడి నుంచి పంపు దాన్ని ఆక్సిజనేటర్ గుండా, వడపోత గుండా బృహద్ధమనిలోకి తోస్తుంది. ఆ తరువాత గుండెను పొటాషియం ద్రావణంతో ఆపేస్తారు.

అప్పటినుంచి చూపు తొట్టి మీదే. అందులో రక్తం మట్టం తగ్గుతోందంటే ఎక్కడో గొట్టం మెలిపడిందో, రక్తం కారిపోతోందో కారణం వెతకాలి. తొట్టి ఖాళీ అయితే పంపు తోసేది గాలినే, అది పోయేది మెదడుకే. సెకన్ల వ్యవధి. మట్టం తగ్గితే మోగే అలారం, బుడగ కనబడితే పంపును ఆపే సాధనం ఇప్పుడు ఉన్నాయి. అయినా కన్ను తిప్పే వీలు లేదు. కరెంటు పోయి బ్యాటరీ కూడా మొరాయిస్తే? అందుకే యంత్రం దగ్గర చేతితో తిప్పే హ్యాండిల్ ఒకటి ఉంటుంది. బోరింగు కొట్టినట్టు కాదు, నిమిషానికి ఎన్ని చుట్లో లెక్క తప్పకుండా తిప్పాలి. పని పూర్తయ్యాక గుండె మళ్లీ కొట్టుకోవడం మొదలుపెడితే, పంపును మెల్లమెల్లగా తగ్గిస్తూ భారాన్ని దానికి అప్పగిస్తారు. ప్రొటమిన్ అనే మందుతో హెపారిన్ ప్రభావాన్ని తొలగిస్తారు. సర్జన్ కుట్లు వేస్తున్నా పెర్ఫ్యూజనిస్టు గొట్టాలు విప్పేయరు. గుండె మళ్లీ మొరాయించవచ్చు.

ఈ యంత్రానికి దగ్గరి చుట్టమే ఎక్మో. ఇది గంటలు కాదు, రోజులు, వారాలు నడుస్తుంది. 1971లో అమెరికాలో డోనాల్డ్ హిల్ ఒక యువకుణ్ణి ఈ పద్ధతితో బతికించారు. ఆ మాట తెలుగిళ్లలో ఎక్కువమంది విన్నది 2020 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో. కోవిడ్‌తో చెన్నైలో చికిత్స పొందుతున్న ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం ఎక్మో మీద ఉన్నారని రోజూ బులెటిన్లు వచ్చేవి. ఆయన సెప్టెంబరు 25న కన్నుమూశారు. ఎక్మో జబ్బును నయం చేయదు, శరీరం తేరుకోవడానికి వ్యవధి ఇస్తుంది. ఆ వ్యవధిలో షిఫ్టుల వారీగా ఎవరో ఒకరు పక్కనే ఉండి రక్తప్రవాహం, ఒత్తిడి, గడ్డల జాడ గంట గంటకూ రాసుకుంటూ ఉండాలి.

అమెరికాలో ఈ వృత్తివారి సంఘం 1964లోనే ఏర్పడింది. మన దేశంలో ఇంటర్‌లో జీవశాస్త్రం చదివినవారికి డిగ్రీ కోర్సులు వచ్చాయి గాని, ఎవరు నడపవచ్చు, ఎవరు నడపకూడదు అన్నదానికి దేశమంతటా వర్తించే చట్టం చాలాకాలం లేదు. 2021లో పార్లమెంటు ఆమోదించిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం, గుర్తించిన వృత్తుల పట్టికలో పెర్ఫ్యూజనిస్టు పేరును చేర్చింది. మేరీ గిబ్బన్ పిల్లి పక్కన యంత్రం నడిపిన నాటికీ, ఈ చట్టానికీ మధ్య 86 ఏళ్లు గడిచాయి.