వంశపారంపర్య క్రోమోజోమ్ లోపాలు: గర్భస్థ పరీక్షలు

తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చిన క్రోమోజోమ్ మార్పు కడుపులో బిడ్డకు సంక్రమించిందా అన్నది ప్రసవానికి ముందే తేల్చే పరీక్షలివి. మనిషి కణంలో 46 క్రోమోజోములుంటాయి. 21వ క్రోమోజోమ్ రెండు బదులు మూడుంటే డౌన్ సిండ్రోమ్ వస్తుందని 1959లో ఫ్రాన్స్‌కు చెందిన లెజూన్, గోతియే, తుర్పాన్ వెల్లడించారు.

డౌన్ సిండ్రోమ్ చాలామందికి వారసత్వంగా రాదు. అండం ఏర్పడేటప్పుడు దొర్లే తేడా వల్లే ఎక్కువగా వస్తుంది. ఇందులో తల్లి తప్పేమీ లేదు. నూటికి మూడు నాలుగు కేసుల్లో మాత్రం అదనపు 21వ క్రోమోజోమ్ 14 వంటి మరోదానికి అతుక్కుని ఉంటుంది. దీన్ని రాబర్ట్‌సోనియన్ ట్రాన్స్‌లొకేషన్ అంటారు. కొన్ని కుటుంబాల్లో ఈ అతుకు తల్లిదండ్రుల్లో ఒకరికి పుట్టుకతోనే ఉంటుంది. వారికి లెక్కకు 45 క్రోమోజోములే ఉన్నా జన్యు సమాచారంలో లోటుండదు కాబట్టి ఆరోగ్యంగానే ఉంటారు. వరుసగా గర్భాలు పోయినప్పుడో, బిడ్డ పుట్టాకో గానీ సంగతి బయటపడదు. ఒక్కరిలో ఉన్నా చాలు కాబట్టి, మేనరికం చేసుకోలేదన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

14-21 అతుకు తల్లికి ఉంటే ప్రతి కాన్పులో డౌన్ సిండ్రోమ్ బిడ్డ పుట్టే అవకాశం నూటికి 10 నుంచి 15; తండ్రికి ఉంటే ఒకటికి అటూ ఇటూ. రెండు 21వ క్రోమోజోములే ఒకదానికొకటి అతుక్కుంటే, నిలిచే గర్భాలన్నింటా డౌన్ సిండ్రోమే. అందుకే డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన బిడ్డకు ముందుగా, అందులో అతుకు కనిపిస్తే భార్యాభర్తలిద్దరికీ రక్తంతో కారియోటైప్ (క్రోమోజోముల సంఖ్య, ఆకృతి చూసే) పరీక్ష చేయించాలి. భార్యను మాత్రమే పరీక్షకు పంపితే సగం సమాధానమే దొరుకుతుంది.

గర్భిణి రక్తంలో బిడ్డ డీఎన్‌ఏ ఉంటుందని 1997లో డెన్నిస్ లో బృందం చూపింది. దాని ఆధారంగా వచ్చిన ఎన్‌ఐపీటీ అనే రక్తపరీక్షను గర్భం 10వ వారం నుంచి చేస్తారు. అది అనుమానం చెబుతుందే గానీ నిర్ధారించదు. నిర్ధారణకు 11–13 వారాల్లో మాయ నుంచి చిన్న నమూనా, లేదా 15వ వారం దాటాక ఉమ్మనీరు తీస్తారు. స్కానింగ్‌లో చూస్తూ సూదితో తీసే ఈ పరీక్షల్లో గర్భస్రావం ముప్పు నూటికి ఒకటి కన్నా తక్కువ. కణాలను పెంచి చూడాలి కాబట్టి కారియోటైప్ ఫలితానికి సుమారు రెండు వారాలు పడుతుంది. రెండు మూడు రోజుల్లో వచ్చే ఫిష్ పరీక్ష ఎంచుకున్న కొన్ని క్రోమోజోముల సంఖ్య చెబుతుంది, అతుకు సంగతి చెప్పదు. బిడ్డ ఎంతవరకు చదువుకుంటుందో, తన పనులు ఎలా చేసుకుంటుందో ఏ పరీక్షా చెప్పలేదు.

భారతదేశంలో ఈ పరీక్షలు 1994 నాటి గర్భస్థ నిర్ధారణ పరీక్షల చట్టం పరిధిలోకి వస్తాయి. బిడ్డ ఆడో మగో చెప్పడం నేరం. గర్భిణికి అర్థమయ్యే భాషలోనే రాతపూర్వక సమ్మతి తీసుకోవాలి. సమ్మతి పత్రాన్ని తెలుగులో అడగండి, చదివి అర్థమయ్యాకే సంతకం చేయండి. ఒక ప్రతి మీకివ్వడం పరీక్ష చేసేవారి బాధ్యత.