వంశవృక్షంలో కూతురు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరంలలో ప్లీడరీ చాలాకాలం ఇంటి వృత్తి. తండ్రి దగ్గర జూనియర్‌గా చేరిన కొడుకు ఆ గదినీ, ఆ గుమాస్తానూ, ఆ కక్షిదారులనూ అందుకునేవాడు. తాత వాయిదాలకు తిరిగిన ఆఫీసు మెట్లే మనవడూ ఎక్కేవాడు. ఈ వకీలు కుటుంబాల చరిత్ర తెలుసుకోవడానికి వాళ్ళు గెలిచిన పెద్ద కేసులు ఏకరువు పెట్టనక్కర్లేదు. భాగపరిష్కారపు దావాల కట్టలు విప్పితే చాలు.

1800లో నిజాం ఈ సీమను కంపెనీకి వదులుకున్నాక మన్రో హయాంలో రైత్వారీ వచ్చింది, పట్టా రైతు పేరిట నిలిచింది. పట్టా ఉన్న చోట పంపకమూ, దాంతోపాటు తగాదా తప్పవు. 1882లో బళ్ళారి నుంచి విడిపోయి అనంతపురం జిల్లా అయింది. రైలొచ్చాక హిందూపురం బెల్లం, చింతపండు మండీలు, ధర్మవరం పట్టు బేరాలు ప్రోనోట్ల దావాలను మోసుకొచ్చాయి. చెల్లు రాయించకుండా మూడేళ్ళు గడిస్తే నోటుకు కాలదోషం పడుతుంది. ఆ తేదీలను కళ్ళలో వత్తులు వేసుకుని కాచేది గుమాస్తానే. 1938లో రాజాజీ ప్రభుత్వం చేసిన రుణ విమోచన చట్టం రైతుల పాత బాకీల మీద వడ్డీ కొట్టేసేసరికి ఆ కాగితాలన్నీ తిరగరాసుకోవలసి వచ్చింది.

భాగం దావాకు ప్రాణం వంశవృక్షం. మూలపురుషుడి పేరు పైన, కింద కొడుకులు, మనవలు. తర్వాత షెడ్యూలు: సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు దిక్కులా చెక్కుబందీ. పెళ్ళికాని కూతురు కనిపిస్తే పోషణ, పెళ్ళి ఖర్చుల పద్దులో కనిపించేది. హిందూపురం నుంచి కొద్ది మైళ్ళు దాటితే గౌరిబిదనూరు, అప్పటి మైసూరు సంస్థానం. అక్కడ 1933 చట్టంతోనే తల్లికీ, వితంతువుకూ, పెళ్ళికాని కూతురికీ పంపకంలో భాగం ఏర్పడింది. ఇవతల మద్రాసు రాజ్యంలో వితంతువుకు 1937 దాకా ఆ పాటి హక్కూ లేదు. వియ్యాలందుకునే రెండు ఊళ్ళ మధ్య ఇంత తేడా ఉండటం నాకు ఇప్పటికీ కష్టంగా తోస్తుంది.

1956 వారసత్వ చట్టం తండ్రి వాటాలో కూతురికి చోటిచ్చింది, ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కు మాత్రం కొడుకులకే ఉంచింది. ఆ గోడను పగలగొట్టినవాడు ముఖ్యమంత్రి ఎన్టీ రామారావు, 1985లో గెలిచిన హిందూపురం శాసనసభ్యుడు. 1986లో చేసిన రాష్ట్ర సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. ఆ తేదీకి ముందే పెళ్ళయిన ఆడపిల్లలకు మాత్రం హక్కు లేదు. దాంతో పెళ్ళి ఎప్పుడైందన్నదే దావాకు ఆయువుపట్టయింది, శుభలేఖకు సాక్ష్యపు విలువ వచ్చింది. ఒకే తల్లి కడుపున పుట్టిన అక్కకు లేని వాటా చెల్లెలికి దక్కింది. కర్ణాటక 1994లో ఈ దారికొచ్చింది. 2005 కేంద్ర సవరణ పెళ్ళి షరతును తీసేసింది. ఆనాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది.

ఈలోగా అప్పీలు కాగితాలు మద్రాసు నుంచి 1954లో గుంటూరుకు, 1956లో హైదరాబాదుకు, 2019లో అమరావతికి దారి మార్చుకున్నాయి. సీమ వకీలుకు ఏదీ దగ్గర కాలేదు.

వకీళ్ళ ఇళ్ళలోనూ బోర్డు కొడుకు ఆస్తే. ఆడవాళ్ళు ప్లీడర్లు కావచ్చని 1923లోనే చట్టం చెప్పినా చిన్న ఊళ్ళ ఆఫీసుల్లో ఆ మాట చెల్లడానికి తరాలు పట్టింది. ఇప్పుడు తండ్రి ఫైళ్ళు కూతురూ చూస్తోంది. ఆమె దగ్గరకు తరచు వచ్చే కాగితం హక్కు విడుదల పత్రం: పసుపు కుంకుమల కింద ఇంత ముట్టిందని రాసి అక్కచెల్లెళ్ళ చేత సంతకం పెట్టించేది. తెచ్చేది అన్నదమ్ములే. సంతకం పెట్టే ఆడపడుచును వేరే కూర్చోబెట్టి షెడ్యూలు మొత్తం చదివి వినిపించాకే కాగితం రిజిస్ట్రారు దగ్గరకు పంపాలి.