కళాబృందాల కొనసాగింపు

నాటక సమాజం, పాటల దళం, వాద్యబృందం, జంట కవులు వంటి కళాబృందాల నుండి ముఖ్యులైన సభ్యులు మరణం వలన గానీ, విభేదాల వలన గానీ తొలగిపోయిన తరువాత, అదే పేరుతో సాగుతున్న బృందం పాత బృందమే అవుతుందా అనే ప్రశ్న కళల చరిత్రలో తరచుగా ఎదురవుతుంది. ఇది తర్కానికి మాత్రమే పరిమితమైన ప్రశ్న కాదు. పేరు వాడుకొనే హక్కు ఎవరిది, పాత పాటలు, నాటకాలు ఎవరికి చెందుతాయి, గడచిన కాలపు కీర్తికి, త్యాగాలకు వారసులు ఎవరు అనే విషయాలు దీనిపై ఆధారపడి ఉంటాయి. తెలుగునాట సురభి నాటక సమాజాలు, తిరుపతి వేంకట కవులు, ప్రజానాట్యమండలి, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంతో సంబంధమున్న అరుణోదయ సాంస్కృతిక సమాఖ్య ఈ ప్రశ్నకు వేర్వేరు సమాధానాలు ఇస్తున్నవి.

ప్రశ్న స్వరూపం

ఈ ప్రశ్నకు ప్రాచీనమైన తాత్విక నేపథ్యం ఉన్నది. గ్రీకు రచయిత ప్లూటార్క్ థీసియస్ అనే వీరుని ఓడ గురించి వ్రాశాడు. ఏథెన్సు ప్రజలు ఆ ఓడలో పుచ్చిపోయిన చెక్కలను ఒక్కొక్కటిగా తీసివేసి, కొత్తవి బిగిస్తూ వచ్చారు. ఆ ఓడ పాతదేనా, కొత్తదా అని తత్వవేత్తలు వాదించుకొనేవారు. 17వ శతాబ్దంలో ఆంగ్ల తత్వవేత్త థామస్ హాబ్స్ దీనికి మరొక చిక్కును జోడించాడు. తీసివేసిన పాత చెక్కలన్నిటినీ ఎవరైనా దాచిపెట్టి, వాటితో మరొక ఓడను కడితే, ఆ రెండింటిలో అసలు ఓడ ఏది అని అతడు ప్రశ్నించాడు.

బౌద్ధ గ్రంథమైన మిళింద పన్హలో నాగసేనుడు ఇటువంటి ప్రశ్నకే దీపాన్ని ఉదాహరణగా చూపాడు. రాత్రంతా వెలిగే దీపంలో మొదటి జాము నాటి జ్వాల, చివరి జాము నాటి జ్వాల ఒకటి కావు. అయినను వెలిగినది ఒక్క దీపమే.

కళాబృందానికి, ఓడకు ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. ఓడలోని చెక్కకు నోరు లేదు. బృందం విడిచి వెళ్ళిన మనిషి "అసలైన బృందం నేనే" అని చెప్పగలడు, ప్రేక్షకులను తనతో తీసుకొని పోగలడు. అందువలన బృందాల విషయంలో హాబ్స్ చెప్పిన రెండవ ఓడ ఊహాజనితం కాదు, తరచుగా జరిగేదే.

ఒక బృందంలో స్థూలంగా నాలుగు అంశాలను గుర్తించవచ్చును: పేరు, ప్రదర్శించే నాటకాలు లేదా పాటలు, వాటిని నేర్పే పద్ధతి, ప్రదర్శించే వ్యక్తులు. ఈ నాలుగూ ఒకేచోట ఉన్నంతకాలం ప్రశ్న పుట్టదు. అవి విడిపోయినప్పుడు వివాదం మొదలవుతుంది.

సురభి: వంశపారంపర్య శిక్షణ

సురభి నాటక సమాజం 1885లో కడప జిల్లాలోని సురభి గ్రామంలో ప్రారంభమైనది. మహారాష్ట్ర మూలాలు గల తోలుబొమ్మలాట కుటుంబాలకు చెందిన వనారస గోవిందరావు దీనికి ఆద్యుడు. మొదటి ప్రదర్శన కీచకవధ. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించడం ఈ సమాజం ప్రత్యేకత.

కుటుంబం పెరిగేకొద్దీ సమాజం శాఖలుగా విస్తరించింది. శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి (1937), శ్రీ శారదా విజయ నాట్యమండలి, శ్రీ భానోదయ నాట్యమండలి వంటి సమాజాలు వేర్వేరు పేర్లు కలిగియున్నను, అన్నిటికీ సురభి అనే ఉమ్మడి పేరు ఉన్నది. ఈ శాఖలలో ఏది అసలైన సురభి అనే ప్రశ్నకు ఇక్కడ ప్రాధాన్యం లేదు. ఇంటిపేరు అన్నదమ్ములందరికీ చెందినట్లే సురభి అనే పేరు అన్ని శాఖలకూ చెందుతుంది.

సురభిలో శిక్షణకు ప్రత్యేకమైన పాఠశాల లేదు. పిల్లలు రంగస్థలం మీదనే పెరుగుతారు. పసితనంలో బాలకృష్ణుడు, ప్రహ్లాదుడు వంటి పాత్రలు ధరించినవారే పెద్దయిన తరువాత కృష్ణుడు, ఘటోత్కచుడు, హిరణ్యకశిపుడు వంటి పాత్రలకు వస్తారు. మాయాబజార్, పాతాళభైరవి వంటి నాటకాలలోని తెరలు, తీగలతో చేసే మాయాదృశ్యాలు, పద్యాల వరుసలు కుటుంబంలోనే ఒకరి నుండి మరొకరికి సంక్రమిస్తాయి. ఒక నటుడు తప్పుకొనే నాటికి ఆ పాత్రను తెర పక్కన నిలబడి వందలసార్లు చూసినవారు సిద్ధంగా ఉంటారు.

1990లలో ప్రసిద్ధ దర్శకుడు బి.వి.కారంత్ సురభి నటులతో భీష్మ, చండీప్రియ, బస్తీ దేవత యాదమ్మ నాటకాలను చేయించాడు. దర్శకుడు బయటివాడు, నాటకాలు కొత్తవి. అయినను అవి సురభి నాటకాలుగానే ఆదరణ పొందినవి. శ్రీ వెంకటేశ్వర నాట్యమండలిని నడిపిన ఆర్. నాగేశ్వరరావు (సురభి బాబ్జీ) 2013లో పద్మశ్రీ పురస్కారం పొంది, 2022లో మరణించాడు. అతని తరువాత కూడా సురభి పేరుతో ప్రదర్శనలు సాగినవి. వ్యక్తుల కంటే శిక్షణ బలమైనప్పుడు బృందం నిలుస్తుందనుటకు సురభి ముఖ్యమైన ఉదాహరణ.

జంట పేర్లు

ఇద్దరే సభ్యులున్నచోట ప్రశ్న మరింత తీవ్రమవుతుంది. ఒకరు తొలగిపోతే సగం బృందం లేనట్లే.

తిరుపతి వేంకట కవులుగా ప్రసిద్ధులైన దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872-1920), చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి (1870-1950) చర్ల బ్రహ్మయ్యశాస్త్రి వద్ద సహాధ్యాయులు. వీరు జంటగా శతావధానాలు చేసి, పాండవోద్యోగ విజయాలు మొదలైన కృతులు రచించారు. 1920లో తిరుపతిశాస్త్రి మరణించాడు. ఆ తరువాత వేంకటశాస్త్రి మూడు దశాబ్దాలు జీవించి, తాను ఒక్కడే రచించిన కృతులను కూడా జంట పేరుతోనే ప్రకటించాడు. ఇద్దరూ కలసి సభలో చేసే అవధానం 1920తో ముగిసినది. గ్రంథం మీది పేరు మాత్రం ముగియలేదు. ఇక్కడ పేరును నిలిపినది హక్కు కాదు, స్నేహం. మిగిలిన కవి ఆ పేరును తన లాభం కొరకు కాక, మిత్రుని వాటాను నిలుపుట కొరకు వాడుకొన్నందున ఆ జంట పేరు సాహిత్య చరిత్రలో చెక్కుచెదరక నిలిచింది.

దీనికి భిన్నమైనది సినీ సంగీత దర్శకులు రాజ్-కోటి ఉదంతం. సంగీత దర్శకుడు టి.వి.రాజు కుమారుడు రాజ్ (తోటకూర సోమరాజు), సాలూరి రాజేశ్వరరావు కుమారుడు కోటి (సాలూరి కోటేశ్వరరావు) 1980లలో, 1990ల ప్రథమార్ధంలో జంటగా అనేక చిత్రాలకు సంగీతం కూర్చారు. హలో బ్రదర్ (1994) వీరి ప్రసిద్ధ చిత్రాలలో ఒకటి. విడిపోయిన తరువాత రాజ్ సిసింద్రీ (1995) వంటి చిత్రాలకు తన పేరుతో సంగీతం అందించగా, కోటి తన పేరుతో సుదీర్ఘకాలం కొనసాగాడు. ఉమ్మడి పేరు ఉమ్మడి కృషికే పరిమితమైనది. 2023లో రాజ్ మరణించాడు.

ఈ రెండు జంటలను పోల్చినచో, మరణం వలన కలిగే లోటుకు, విభేదం వలన కలిగే లోటుకు గల తేడా తెలుస్తుంది. మరణించిన మిత్రుని పేరును నిలుపుట గౌరవం. వేరుపడి జీవించియున్న వ్యక్తి పేరును ఆయన లేకుండా వాడుకొనుట ఆక్షేపణకు తావిస్తుంది.

ప్రజానాట్యమండలి: ఆశయం వారసత్వంగా

ప్రజానాట్యమండలి 1943లో ఆంధ్ర ప్రాంతంలో ఏర్పడినది. అదే సంవత్సరం బొంబాయిలో ప్రారంభమైన భారత ప్రజా నాటక సంఘం (ఇప్టా) ఉద్యమంలో ఇది భాగం. డాక్టర్ గరికపాటి రాజారావు దీని నిర్మాతలలో ప్రధానుడు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రచించిన ముందడుగు, మాభూమి నాటకాలు, షేక్ నాజర్ బుర్రకథలు దీనికి పేరు తెచ్చినవి.

తెలంగాణ సాయుధ పోరాట కాలంలో ప్రభుత్వ నిర్బంధం వలన ప్రదర్శనలు ఆగిపోయినవి. కళాకారులు చెదరిపోయారు. గరికపాటి రాజారావు పుట్టిల్లు (1953) చిత్రానికి దర్శకత్వం వహించాడు. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి, అల్లు రామలింగయ్య సినీ నటులుగా, టి.చలపతిరావు సంగీత దర్శకుడుగా స్థిరపడ్డారు. మండలికి పేరు తెచ్చిన వ్యక్తులు ఈ విధంగా మద్రాసు చిత్రపరిశ్రమలో ఉండగా, మండలి మాత్రం ఆంధ్రదేశంలో దాదాపు లేకుండా పోయినది.

1964లో కమ్యూనిస్టు పార్టీ చీలిన తరువాత, రెండు పార్టీలతో అనుబంధం గల సాంస్కృతిక సంఘాలు వేర్వేరుగా ప్రజానాట్యమండలి పేరునే స్వీకరించినవి. 1943 నాటి చరిత్రను రెండూ తమదిగానే చెప్పుకొనుట గమనింపదగినది. ఇది హాబ్స్ చెప్పిన రెండు ఓడల స్థితి. అయితే రెండింటిలోనూ మొదటి తరం వ్యక్తులు అధికులు లేరు. వారసత్వానికి ఆధారం వ్యక్తులు కాక, కళ ప్రజల కొరకు అనే ఆశయం, బుర్రకథ, వీధినాటకం వంటి ప్రక్రియలు.

ఉస్మానియా ప్రాంగణం, అరుణోదయ

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో స్థాపించబడినది. నగరంలోని అద్దె భవనాలలో మొదలైన ఈ విద్యాసంస్థకు అడిక్‌మెట్ ప్రాంతంలో శాశ్వత ప్రాంగణం ఏర్పడినది. ఇక్కడి ఆర్ట్స్ కళాశాల భవనం 1939లో ప్రారంభమైనది. అడిక్‌మెట్, తార్నాక బస్తీల నడుమ ఉన్న ఈ ప్రాంగణం విద్యార్థి ఉద్యమాలకు కేంద్రం.

విద్యార్థుల పాటల బృందం థీసియస్ ఓడకు అతి సమీపమైన ఉదాహరణ. విద్యార్థి చదువు రెండు మూడేళ్ళలో ముగుస్తుంది. పరిశోధక విద్యార్థులు మరికొన్నేళ్ళు ఉండవచ్చును. ఆ లెక్కన పదేళ్ళలో బృందంలోని వారందరూ మారిపోతారు. ముందు తరం వారు వెళ్ళకముందే తరువాతి తరం వారికి పాట, డప్పు దరువు నేర్పితే బృందం సాగుతుంది. ఒక్క తరం నేర్పకపోతే పేరు మాత్రమే మిగులుతుంది.

1972 ఏప్రిల్ 14న విద్యార్థి నాయకుడు జార్జి రెడ్డి ఈ ప్రాంగణంలో హత్యకు గురయ్యాడు. ఆ తరువాతి విద్యార్థి ఉద్యమ వాతావరణంలో, 1974లో అరుణోదయ సాంస్కృతిక సమాఖ్య ఏర్పడినది. ఇది ప్రాంగణం దాటి గ్రామాలకు విస్తరించింది. విప్లవ రాజకీయ పక్షాలలో వచ్చిన చీలికలు దీనిని కూడా తాకినవి. అరుణోదయ పేరుతో ఒకటి కంటే ఎక్కువ సంఘాలు పనిచేసినవి. ఒకదానిలో గాయకుడు రామారావు, మరొకదానిలో గాయని విమల ప్రముఖులు. 2019లో రామారావు మరణించాడు.

ఈ చీలికలో ఒక విశేషం ఉన్నది. ప్రజలు ఆ ఇద్దరినీ అరుణోదయ రామారావు, అరుణోదయ విమల అనే పిలిచారు. బృందం పేరు కళాకారుని ఇంటిపేరుగా మారింది. సంఘాలు వేరైనను ఇంటిపేరు ఇద్దరికీ నిలిచినది. సురభిలో రక్తసంబంధం చేసిన పనిని ఇక్కడ ఉద్యమ సంబంధం చేసినది.

1972లో ఏర్పడిన జననాట్యమండలి పరిస్థితి కొంత భిన్నం. గద్దర్, వంగపండు ప్రసాదరావు దీని ప్రముఖ కళాకారులు. గొంగడి, కాలి గజ్జెలు, చేతి కర్రతో గద్దర్ చేసిన ప్రదర్శన ఎంత బలమైన ముద్ర వేసినదంటే, మండలి పేరు వినగానే శ్రోతకు గద్దర్ రూపమే గుర్తుకు వచ్చేది. ఆ ఆహార్యం, ఆ ఆటపాటల రీతి అనేక ఇతర బృందాలకు వ్యాపించినవి. వంగపండు 2020లో, గద్దర్ 2023లో మరణించారు. ఇక్కడ నిలిచినది బృందం కంటే ప్రదర్శన రీతి అని చెప్పవచ్చును.

ఇతర ప్రాంతాలలో

ఆంగ్ల రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ నుండి తొలి నాయకుడు సిడ్ బారెట్ 1968లో తప్పుకొన్నప్పుడు పేరుపై వివాదం రాలేదు. ఆ తరువాత ప్రధాన రచయితగా ఎదిగిన రోజర్ వాటర్స్ 1985లో బృందాన్ని విడిచి, ఇక ఆ పేరు వాడరాదని న్యాయపోరాటం చేశాడు. 1987లో రాజీ కుదిరింది. పేరు డేవిడ్ గిల్మోర్, నిక్ మేసన్‌లకు దక్కగా, ద వాల్ రచనపై ప్రధాన హక్కులు వాటర్స్‌కు దక్కినవి. ఒకరికి పేరు, మరొకరికి కృతి అనే పంపకానికి ఇది ప్రసిద్ధ ఉదాహరణ.

ఢిల్లీకి చెందిన ఇండియన్ ఓషన్ బృందాన్ని సుస్మిత్ సేన్, అశీమ్ చక్రవర్తి 1990లో ప్రారంభించారు. చక్రవర్తి 2009లో మరణించాడు. సేన్ 2013లో వైదొలగాడు. స్థాపకులిద్దరూ లేకున్నను, 1990ల నుండి ఉన్న రాహుల్ రామ్, అమిత్ కిలమ్ కొత్తవారితో కలసి బృందాన్ని కొనసాగించారు.

చట్టం

భారతదేశంలో బృందం పేరుపై హక్కు, ఆ బృందం ఏ రూపంలో ఏర్పడినదనే దానిపై ఆధారపడి ఉంటుంది. సంఘాల నమోదు చట్టం కింద నమోదైన సంఘానికి సభ్యులు మారినను ఉనికి ఉంటుంది. భాగస్వామ్య సంస్థ అయినచో, 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు భాగస్వామి మరణంతో సంస్థ రద్దవుతుంది. పేరును 1999 నాటి వాణిజ్య చిహ్నాల చట్టం కింద నమోదు చేసుకొనవచ్చును. పాటపై రచయితకు 1957 నాటి కాపీరైటు చట్టం కింద హక్కు ఉన్నది. 1994 సవరణ ద్వారా ప్రదర్శకులకు కూడా ప్రత్యేక హక్కులు లభించినవి. కావున బృందం విడిచిన వ్యక్తికి పేరుపై హక్కు లేకపోయినను, తాను వ్రాసిన పాటపై హక్కు ఉండవచ్చును. గ్రామీణ కళాబృందాలలో వ్రాతపూర్వక ఒప్పందాలు అరుదు. అందువలన వివాదం వచ్చినప్పుడు పెద్దల తీర్పు, ప్రేక్షకుల ఆదరణ మాత్రమే ఆధారమవుతాయి.

గుర్తించే ప్రమాణాలు

పై ఉదాహరణలను బట్టి, వ్యక్తులు మారినంత మాత్రాన బృందం మారిపోదు. పాత నాటకాన్ని లేదా పాటను పాతవారి వద్ద నేర్చినవారు ప్రదర్శిస్తున్నంత వరకు కొనసాగింపు ఉన్నదని చెప్పవచ్చును. నేర్పినవారికి, నేర్చినవారికి మధ్య గొలుసు తెగిన తరువాత పేరును తిరిగి చేపట్టినచో, అది కొనసాగింపు కాదు, పునరుద్ధరణ. ప్రజానాట్యమండలి చరిత్రలో ఈ రెండవ లక్షణం కొంత కనిపిస్తుంది. పునరుద్ధరణ తక్కువది కాదు గానీ, రెండింటినీ ఒకటిగా చెప్పినచో మధ్యకాలంలోని నిర్బంధం, విరామం, చెదరిపోయిన కళాకారుల కథ చరిత్రలో కనిపించకుండా పోతుంది.

ఒకే పేరుతో రెండు బృందాలున్నప్పుడు వాటిలో ఒకటి తప్పనిసరిగా నకిలీ కానవసరం లేదు. ఒక దీపం నుండి రెండు దీపాలు వెలిగించవచ్చును. ఏది మొదటిది అనే ప్రశ్న కంటే, ఏ దీపంలో ఎవరు నూనె పోస్తున్నారనే ప్రశ్న చరిత్రకారునికి ఎక్కువ ఉపయోగకరం.