చిత్రమందు నిలిచిన మనోధర్మము

అప్పటికప్పుడు పుట్టు సంగీతమునకు ఆయువు అల్పము. సభ ముగిసినతోడనే అది శ్రోతల స్మృతిలో మాత్రమే మిగులును. టెలివిజన్ ఆ స్థితిని కొంత మార్చినది.

బి.బి.సి. వారి ‘జాజ్ 625’ కార్యక్రమము 1964 నుండి 1966 వరకు సాగినది. 625 గీతల చిత్రపద్ధతిని బట్టి దానికా పేరు వచ్చినది. టేపులను తుడిచి మరల వాడుకొను కాలమది. కావున నశింపక మిగిలిన ప్రతి ప్రదర్శనము విలువైనదే.

1965లో ఆ కార్యక్రమమున అమెరికా గిటారు విద్వాంసుడు వెస్ మాంట్‌గోమరీ (1923–1968) వాయించెను. ఆయన మీటుబిళ్ల నుపయోగింపక బొటనవ్రేలితోనే తీగలను పలికించెడివాడు. కల్పనను సాధారణముగా ఒంటి స్వరములతో ఆరంభించి, పిమ్మట ఒకే స్వరమును రెండు స్థాయిలందు జతగా పలికించి, తుదకు స్వరగుచ్ఛములతో నింపును. ఇంత విస్తరించినను పాట యొక్క ఆవృత్తము చెదరదు. నెరవు, స్వరకల్పన వినిన తెలుగు శ్రోతకు ఈ నియమబద్ధమైన స్వేచ్ఛ అపరిచితము కాదు. రికార్డులో ఫలితమే వినవచ్చును. చిత్రములో చేయి తన త్రోవ నెన్నుకొనుటయు కానవచ్చును.

ఆనాడు బాస్ వాయించిన రిక్ లెయిర్డ్ 1971లో గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్ స్థాపించిన మహావిష్ణు ఆర్కెస్ట్రాలో చేరెను. ఆ మెక్‌లాఫ్లిన్ ప్రక్కనే 2000లో ముంబయి సభయందు పాలకొల్లున జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014) మాండలిన్ వాయించెను. 1983లో, పదునాలుగవ యేటనే, ఆయన బెర్లిన్ జాజ్ ఉత్సవమున కర్ణాటక సంగీతమును వినిపించియుండెను. జాజ్ వారి మెప్పునకై ఆయన తన రాగమును విడువలేదు.

చిత్రములోని స్వరములను వల్లించువానికి ఒక నాటి పాట మాత్రమే దక్కును. ఆ ఎన్నికలోని వివేకమును గ్రహించువానికి విద్య దక్కును.