పర్దా వెనక జబ్బు, పర్దా ముందు రాజకీయం



1933 మార్చి 15న అప్పటి యునైటెడ్ ప్రావిన్సెస్ ప్రభుత్వం, అంటే ఇప్పటి ఉత్తరప్రదేశ్ ప్రాంతాన్ని ఏలిన బ్రిటిష్ సర్కారు, ఒక చిన్న ఉర్దూ పుస్తకాన్ని నిషేధించింది. దాని పేరు 'అంగారే'. నిప్పుకణికలు అని అర్థం. అందులో తొమ్మిది కథలు, ఒక నాటిక ఉన్నాయి. రాసినవాళ్ళు నలుగురు: సజ్జాద్ జహీర్, అహ్మద్ అలీ, మహమూదుజ్జఫర్, రషీద్ జహాన్. 1932 డిసెంబర్‌లో లక్నోలో అచ్చయిన ఆ పుస్తకం నాలుగు నెలలు కూడా బతకలేదు. ఫత్వాలు వచ్చాయి, సభలు పెట్టి తిట్టారు, చివరికి 295ఎ సెక్షన్ కింద నిషేధం. దొరికిన ప్రతుల్ని పోలీసులు నాశనం చేశారు.

నలుగురిలో ముగ్గురు మగవాళ్ళే. అయినా అందరికంటే ఎక్కువగా వెంటపడింది రషీద్ జహాన్‌నే. ముక్కు కోస్తామన్నారు, మొహం మీద యాసిడ్ పోస్తామన్నారు. అప్పటికి ఆమెకు 27 ఏళ్ళు. ఆమె వృత్తి వైద్యం.

ఎక్కడో లక్నో కథ మనకెందుకు అంటారా? ఈ మధ్య నా విద్యార్థుల ఫోన్లలో ఒక పేజీ తెగ తిరుగుతోంది. బాబాసాహెబ్ రాసిన 'పాకిస్తాన్ ఆర్ ద పార్టిషన్ ఆఫ్ ఇండియా'లోది. పర్దా వల్ల ముస్లిం స్త్రీల ఆరోగ్యం ఎలా పాడవుతుందో చెప్పే పేజీ. 'చూడండి, మీ అంబేద్కరే చెప్పాడు' అని దాన్ని పంపుతున్నవాళ్ళు బాబాసాహెబ్ మిగతా పుస్తకాల్లో ఒక్క పేజీ కూడా పంపరు. 'కులనిర్మూలన' అసలే పంపరు. మన పిల్లలు కొందరు దాన్ని చూసి తలూపుతున్నారు, ఇంకొందరు ఇబ్బందిపడి మాట్లాడకుండా ఉండిపోతున్నారు. ఈ రెండూ మనకు పనికిరావు. ఆ పేజీని ఎలా చదవాలో చెప్పాలంటే ముందు ఆ డాక్టరమ్మ దగ్గరికి పోవాలి.

రషీద్ జహాన్ 1905లో అలీగఢ్‌లో పుట్టింది. నాన్న షేక్ అబ్దుల్లా (కశ్మీర్ నాయకుడు కాదు, ఈయన వేరు), అమ్మ వహీద్ జహాన్ బేగం. ఇద్దరూ కలిసి 1906లో అలీగఢ్‌లో ముస్లిం ఆడపిల్లల బడి పెట్టారు. అంతకు ముందే 'ఖాతూన్' అనే పత్రిక నడిపారు. ఆ ఇంట్లో పెరిగిన పిల్ల లక్నోలో ఇసబెల్లా థోబర్న్ కాలేజీలో చదివి, తర్వాత ఢిల్లీ లేడీ హార్డింజ్ మెడికల్ కాలేజీలో చేరింది. ఆడవాళ్ళ కోసమే పెట్టిన కాలేజీ అది. చదువుకునే రోజుల్లోనే పేద ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పడం, ఉచితంగా వైద్యం చెయ్యడం మొదలుపెట్టింది. 1929లో డాక్టరై ప్రభుత్వ వైద్య సర్వీసులో చేరింది. స్త్రీల జబ్బులు, కాన్పులు ఆమె పని. అంటే మగవాడు ఎవడూ అడుగుపెట్టని గదుల్లోకి ఆమె రోజూ వెళ్ళేది. జనానాలో ఆడవాళ్ళు ఎవరితోనూ చెప్పుకోని సంగతులు ఆమెకు కేసు షీటు మీద రాసుకునే సంగతులు.

'అంగారే'లో ఆమెవి రెండే రచనలు. 'దిల్లీ కీ సైర్' అనే కథలో ఒకామె ఢిల్లీ చూడడానికి మొగుడితో రైల్లో వస్తుంది. స్టేషన్లో స్నేహితుడు కనపడగానే ఆయన ఆమెను సామాను మీద కూర్చోబెట్టి పోతాడు. బురఖాలోంచి ప్లాట్‌ఫాం మీద కనిపించిందే ఆమె చూసిన ఢిల్లీ. రెండోది 'పర్దే కే పీఛే', పర్దా వెనక అనే నాటిక. ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకోవడమే ఆ నాటికంతా. అందులో మొహమ్మదీ బేగం కలిగిన ఇంటి ఇల్లాలు. కాన్పు మీద కాన్పు. ఒంట్లో రక్తం లేదు. పిల్లలకు పాలివ్వడానికి దాదుల్ని పెడతారు, ఎందుకంటే మొగుడికి పెళ్ళాం ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. గర్భసంచి జారిపోతే ఆపరేషన్ చేయించుకుంటుంది. నొప్పి తగ్గడానికి కాదు, మొగుడి సుఖం కోసం. కాదంటే ఇంకో పెళ్ళి చేసుకుంటాడనే భయం రాత్రీ పగలూ ఆమె మీద వేలాడుతుంటుంది.

1932లో గర్భసంచి జారడం గురించి ఒక ముస్లిం స్త్రీ తన పేరు పెట్టుకుని అచ్చులో రాసింది. తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసినవాడిగా చెబుతున్నా, ఆ నాటికలో వర్ణన లేదు, ఉపన్యాసం లేదు. ఒక రోగి తన జబ్బు చెప్పుకుంటున్నట్టు ఉంటుంది. వాళ్ళకు మంటెక్కింది అందుకే. మతాన్ని తిడితే జవాబు చెప్పొచ్చు. జారిన గర్భసంచికి ఏం జవాబు చెబుతారు?

ఇక్కడ మనం ఆగి మన ప్రశ్న ఒకటి వెయ్యాలి. మొహమ్మదీ బేగం పిల్లలకు పాలిచ్చిన దాది ఎవరు? ఆమె కన్నబిడ్డ ఆ పూట ఏం తాగింది? నాటిక ఆ దాది ఇంటిదాకా పోదు. ఇద్దరు షరీఫ్ ఇళ్ళ ఆడవాళ్ళ మాటల్లోనే ముగుస్తుంది. జనానా గోడ లోపల కూడా పైకులం, కిందికులం ఉన్నాయి. ఈ సంగతి మనం అడగకపోతే ఇంకెవరూ అడగరు.

పర్దా జబ్బు కూడా అసలు ఒక్క మతం జబ్బు కాదు. ఎండ తగలని ఒంట్లో డి విటమిన్ తయారవదు. ఎముకలు మెత్తబడతాయి. దీన్ని ఆస్టియోమలేసియా అంటారు. ఆడమనిషి నడుం కింది ఎముకల గూడు వంకరపోతే బిడ్డ బయటికి రాలేదు. సిజేరియన్ అందని కాలంలో అది తల్లికీ బిడ్డకూ చావే. ఘోషా పాటించిన ఏ ఇంటికైనా ఇదే సూత్రం. మన తెలంగాణలో దొరల గడీల్లో, దేశ్‌ముఖుల ఇళ్ళల్లో హిందూ ఆడవాళ్ళూ ఘోషాలోనే ఉన్నారు. విశాఖపట్నంలో ప్రభుత్వ విక్టోరియా ఆసుపత్రిని జనం ఇప్పటికీ ఘోషాసుపత్రి అనే అంటారు. మద్రాసులో 1885లో మొదలైన ఆడవాళ్ళ ఆసుపత్రి పేరు ఇంకా సూటిగా ఉంటుంది: 'విక్టోరియా హాస్పిటల్ ఫర్ కాస్ట్ అండ్ గోషా విమెన్'. కులం గల స్త్రీలకు, ఘోషా స్త్రీలకు ఆసుపత్రి అని. ఆ పేరు రెండుసార్లు చదవండి. కులం లేని ఆడవాళ్ళు, ఘోషా లేని ఆడవాళ్ళు, అంటే మన ముత్తవ్వలు, ఆ పేరులో ఎక్కడున్నారు? కొందరి ఒంటికి మరీ ఎక్కువ మరుగు, మన ఒంటికి అసలే మరుగు లేదు.

ఇప్పుడు బాబాసాహెబ్ పేజీకి వద్దాం. పుస్తకం మొదట 1940లో 'థాట్స్ ఆన్ పాకిస్తాన్'గా వచ్చింది. వాట్సప్‌లో తిరిగే పేజీ 'సోషల్ స్టాగ్నేషన్' అనే పదో అధ్యాయంలోది. అందులో ఆయన పర్దా వల్ల వచ్చే రక్తహీనత, క్షయ, ఎముకల వంకర, కాన్పు చావుల గురించి రాశారు. అంటే ఒక డాక్టరమ్మ 1932లో నాటికగా రాసిన దాన్నే ఆయన సామాజిక శాస్త్రంగా రాశారు. అందులో దాచాల్సింది ఏమీ లేదు.

కానీ ఆ అధ్యాయం ఎలా మొదలవుతుందో పేజీ పంపేవాళ్ళు చెప్పరు. హిందూ సమాజపు రోగాల్ని 1927లో కేథరిన్ మేయో 'మదర్ ఇండియా' లోకానికి చాటింది, అవే రోగాలు ముస్లింలలో లేవనుకోవడం పొరపాటు అన్నదే అక్కడి వాదన. హిందువుల్లో లేవు, వాళ్ళల్లోనే ఉన్నాయి అని ఆయన ఎక్కడా అనలేదు. అదే అధ్యాయంలో ఆయన ముస్లింలలో కులం గురించి రాశారు. 1901 బెంగాల్ సెన్సస్ నుంచి అష్రాఫ్, అజ్లాఫ్, అర్జాల్ అనే మూడు మెట్లు చూపించారు. అర్జాల్ అంటే మిగతా ముస్లింలు కూడా దగ్గరికి రానివ్వనివాళ్ళు. మన భాషలో అంటరానివాళ్ళు. ఆ పేజీ ఎవరి ఫోన్లోనూ తిరగడం నేను చూడలేదు.

బాబాసాహెబ్ ఆడవాళ్ళ ఆరోగ్యం గురించి రాసింది ఒక్క ముస్లిం స్త్రీల కోసమే కాదు కదా. 1928 జులైలో బొంబాయి శాసనమండలిలో ఫ్యాక్టరీ కార్మిక స్త్రీలకు ప్రసూతి భత్యం ఇవ్వాలని వాదించారు. 1938 నవంబర్‌లో కుటుంబ నియంత్రణ సౌకర్యాలు ప్రభుత్వమే కల్పించాలని ఆయన పార్టీ సభ్యుడు పి.జె. రోహమ్ బొంబాయి శాసనసభలో తీర్మానం పెట్టారు. ప్రసంగం తయారు చేసింది బాబాసాహెబే. తీర్మానం ఓడిపోయింది. కన్నీ కన్నీ పాడైపోయే ఆడమనిషి ఒంటి గురించి రషీద్ జహాన్ బాధ, బాబాసాహెబ్ బాధ ఒకటే. ఎవరినో వేలెత్తి చూపడానికి కాదు, వైద్యం జరగాలని ఇద్దరూ జబ్బు పేరు చెప్పారు.

ఒక మాట ధైర్యంగానే అంటాను. ముస్లింలలో సంఘటితమైన సంస్కరణోద్యమం లేదని ఆ అధ్యాయంలో ఉంది. అక్కడ నాకు పేచీ ఉంది. ఆ పుస్తకానికి ఏడెనిమిదేళ్ళ ముందే 'అంగారే' వచ్చింది. అంతకు పాతికేళ్ళ ముందు అలీగఢ్ ఆడపిల్లల బడి వచ్చింది. బెంగాల్లో రుకయ్యా సఖావత్ హుసేన్ 1905లో 'సుల్తానాస్ డ్రీమ్' రాసి, తర్వాత కలకత్తాలో ముస్లిం ఆడపిల్లల బడి నడిపింది. లోపలి గొంతులు ఉన్నాయి. వాటిని నొక్కింది మౌల్వీలొక్కరే కాదు, నిషేధం సంతకం పెట్టిన తెల్లదొరలు కూడా. బాబాసాహెబ్ మనకు నేర్పింది చదివి ప్రశ్నించమని, దండ వేసి పక్కన పెట్టమని కాదు.

నేటి లెక్కలు కూడా చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత తెలంగాణలో 57.6%, ఆంధ్రప్రదేశ్‌లో 58.8%. ఇందులో అన్ని మతాలూ ఉన్నాయి. సగం పైన ఆడవాళ్ళ ఒంట్లో రక్తం లేని రాష్ట్రాల్లో కూర్చుని ఒక్క మతం ఆడవాళ్ళ రక్తహీనత గురించే మాట్లాడేవాడికి రక్తం మీద ప్రేమ ఉన్నట్టా? 2001 జనాభా లెక్కల్లో ఆరేళ్ళ లోపు పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకు ఆడపిల్లలు హిందువుల్లో 925, ముస్లింలలో 950. ఆడపిల్లను కడుపులోనే చంపే జబ్బు ఎవరింట్లో ఎక్కువుందో ఈ అంకె చెబుతుంది. ఇది గొప్పలు పోవడానికి కాదు, జబ్బుకు మతం అంటగట్టేవాళ్ళు ఏ అంకెలు వదిలేస్తారో చూపడానికి.

గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మన రెండు రాష్ట్రాలు ముందు వరసలో ఉన్నాయి. మా పెద్దమ్మకు ముప్పై నిండకముందే తీసేశారు. తెల్లబట్ట అవుతోందని ఒక ప్రైవేటు ఆసుపత్రికి పోతే కేన్సర్ వస్తుందని భయపెట్టారు. బాకీ తీరేదాకా నాలుగేళ్ళు నాట్లకు పోయింది, నడుం పట్టుకునే. ఆమె పర్దాలో లేదు. ఎండలోనే ఉంది. మొహమ్మదీ బేగం ఒంటి మీద మొగుడి పెత్తనం, మా పెద్దమ్మ ఒంటి మీద కూలి, అప్పు, ఆసుపత్రి పెత్తనం. వాళ్ళిద్దరూ ఒకచోట కూర్చుంటే ఒకరి మాట ఒకరికి బాగా అర్థమవుతుంది.

రషీద్ జహాన్‌ను నెత్తిన పెట్టుకోమని కూడా నేను అనను. ఆమెదే 'వో' అనే కథ ఉంది. హైదరాబాద్‌లో పనిచేసిన సూసీ తారు, కె. లలిత కలిసి తెచ్చిన 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' రెండో సంపుటంలో దొరుకుతుంది, చదవండి. సుఖరోగంతో మొహం పాడైన ఒక వేశ్య, బడిలో పనిచేసే యువ టీచర్ దగ్గరికి రోజూ పూలు పట్టుకుని వస్తుంది. మిగతా టీచర్లందరికీ ఆమెంటే అసహ్యం. కానీ చివరికి ఆమె మీద పడి కొట్టేది ఎవరో తెలుసా? ఆ బడి ఊడ్చే ఆడమనిషి. మర్యాదస్తులు కడుపులో దాచుకున్న అసహ్యాన్ని రచయిత్రి ఊడ్చే ఆమె చేతుల్లోంచి బయటికి తీసింది. మర్యాదస్తుల అసహ్యాన్ని పనివాళ్ళే మోస్తారని చూపించిందని మెచ్చుకోవచ్చు. ఆ ఊడ్చే ఆమెకు సొంత కథ ఇవ్వలేదని కొట్లాడొచ్చు. నేను రెండూ చేస్తాను.

ఆమె జీవితం మాత్రం ఆమె రాతకంటే ముందుకు పోయింది. 1936లో లక్నోలో ప్రేమ్‌చంద్ అధ్యక్షతన జరిగిన అభ్యుదయ రచయితల తొలి మహాసభ వెనక ఆమె శ్రమ ఉంది. కమ్యూనిస్టు పార్టీలో చేరింది. 1949 రైల్వే సమ్మె రోజుల్లో జైలుకు పోయింది, జైల్లో నిరాహార దీక్ష చేసింది. ఆడవాళ్ళ గర్భసంచి జబ్బుల గురించి రాసిన ఆ డాక్టరమ్మను చివరికి గర్భసంచి కేన్సరే తీసుకుపోయింది. 1952 జులై 29న మాస్కోలో చనిపోయింది, 47 నిండకుండానే.

ఆ లోపలి గొంతు ఆగిపోలేదు. మన తెలుగులో ముస్లింవాద కవిత్వం వచ్చాక షాజహానా లాంటి స్త్రీలు అటు మతం పెత్తనాన్నీ, ఇటు హిందూత్వ వేలునూ రెంటినీ నిలదీశారు. విడాకులిచ్చిన భర్త నుంచి మనోవర్తి అడిగే హక్కు కోసం షా బానో 1985లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళి గెలిచింది. మరుసటి ఏడాదే పార్లమెంటు చట్టం చేసి ఆ గెలుపును నీరుగార్చింది. 2024 జులై 10న అదే సుప్రీంకోర్టు, తెలంగాణ నుంచి వెళ్ళిన కేసులో, విడాకులు పొందిన ముస్లిం స్త్రీకి మామూలు చట్టం కింద మనోవర్తి అడిగే హక్కు ఉందని తేల్చింది. మనోవర్తి అంటే తిండి, మందులు. అదీ ఆరోగ్యమే.

కాబట్టి చెల్లెళ్ళూ, తమ్ముళ్ళూ, ఈసారి ఆ పేజీ మీ ఫోన్లోకి వస్తే డిలీట్ చెయ్యకండి, తలూపకండి. అదే అధ్యాయంలోని అర్జాల్ పేజీ తిరిగి పంపండి. మీ ఊళ్ళో ముస్లిం బస్తీకి దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో లేడీ డాక్టర్ వారానికి ఎన్ని రోజులు కూర్చుంటుందో కనుక్కోమని అడగండి. మాలవాడ, మాదిగవాడకు దగ్గర్లో ఎన్ని రోజులు కూర్చుంటుందో మీరు కనుక్కోండి. ఆ రెండు లెక్కలూ కలిపి ఒకే వినతిపత్రం రాయండి, రెండు వాడల ఆడవాళ్ళ సంతకాలతో.

వచ్చే భాగంలో అర్జాల్ గురించి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను మతానికి ఎలా కట్టేసిందో, 1956లో సిక్కు దళితులకు, 1990లో బౌద్ధులకు తెరిచిన ఆ తలుపు ముస్లిం, క్రైస్తవ దళితులకు ఎందుకు ఇంకా మూసే ఉందో మాట్లాడుకుందాం.

జై భీమ్.